వీధిలో ఎర్ర తలపాగాలు

కాకినాడ,
ఆరుద్ర కార్తె.

అమ్ములూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగా జవాబు చెప్పలేదు. వాన పెద్దదై నీ మాట సగం వినబడలేదు. "తాతయ్యా, ఆయాసం వచ్చేది గుండెల్లో కదా, మరి చేతిలో రక్తం ఎందుకు తీశారు?" అన్నావు. ముప్పై రెండేళ్లు ల్యాబులో ఎంతమంది పిల్లల చేతులు పట్టుకున్నానో లెక్కలేదు. ఏడ్చినవాళ్లున్నారు, తన్నినవాళ్లున్నారు, చాక్లెట్ అడిగినవాళ్లున్నారు. ఈ ప్రశ్న అడిగినదానివి నువ్వే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అన్నయ్యకి చదివి వినిపించు. మీ క్లాసులో నీలాగే ఉబ్బసానికి పంపు (ఇన్హేలర్) పీల్చే పిల్లలు ఇంకో ముగ్గురున్నారన్నావుగా, వాళ్లకి కూడా.

ఊళ్లో మన ఇంటి అరుగు గుర్తుందా? దాని మీద కూర్చుంటే ఊళ్లో ఏం జరుగుతోందో కదలకుండా తెలిసిపోతుంది. వలలు భుజాన వేసుకుని నలుగురు పోతే చెరువు పడుతున్నారని. డప్పులవాళ్లు పోతే గుళ్లో ఏదో ఉందని. తెల్లారగట్ల కొడవళ్లతో గుంపుగా పోతే కోతలు మొదలయ్యాయని. చెరువుగట్టు దాకా వెళ్లక్కర్లేదు, వీధి చూస్తే చాలు. రక్తం ఆ వీధి. నీ ఊపిరితిత్తుల్లోకి నేరుగా తొంగి చూడాలంటే గొట్టం దింపాలి, చిన్నపిల్లలకి అది కష్టం. చేతిలో నరం మనకి దొరికిన అరుగు. అక్కడ కూర్చుని పోయేవాళ్లని లెక్కపెడతాం.

ఎలా లెక్కపెడతామో చెప్తాను, నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. ఒక రక్తపు చుక్క గాజుపలక మీద పెట్టి, ఇంకో పలక అంచుని ఏటవాలుగా ఆనించి ఒక్క తోపు తోస్తాం. చుక్క నాలుక ఆకారంలో పలచగా పరుచుకుంటుంది. ఆరాక లీష్మన్ రంగు పోసి, రెండు నిమిషాలాగి నీళ్లు కలిపి, ఇంకో పది నిమిషాలుంచి కడిగేస్తాం. గులాబీరంగు పొర మిగులుతుంది. ఒక నూనె బొట్టు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, ఎర్రకణాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి తెల్లకణం. వాటిలో ఒక రకం ఉంటుంది, చూస్తే మళ్లీ మర్చిపోలేవు. లోపల ఊదారంగు కళ్లజోడు పెట్టినట్టు రెండు ముక్కలు, చుట్టూ ఎర్రటి నారింజరంగు గింజలు కిక్కిరిసి, దానిమ్మపండు ఒలిచి పెట్టినట్టు. అదే ఇసినోఫిల్. మన పెద్దవాళ్లు దగ్గొస్తే "ఇస్నోఫీలియా" అంటారే, ఆ పేరు దీన్నుంచి వచ్చిందే. 1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ కుర్రడాక్టరు, పాతికేళ్లవాడు, బట్టలకి వేసే రంగులు రక్తానికి వేసి చూసి దీన్ని పోల్చాడు. ఆ ఎర్రరంగు పేరు ఇయోసిన్. గ్రీకువాళ్ల ఉషాదేవి పేరు ఇయోస్. తూర్పున తెల్లారే ముందు ఆకాశం ఎలా ఉంటుందో నువ్వు చూశావు కాబట్టి ఇంక చెప్పను.

నీ రిపోర్టు అమ్మ పంపింది. ఆవగింజంత రక్తంలో తెల్లకణాలు 8,000. అందులో నూటికి 9 ఎర్ర గింజలవి, అంటే 720. మామూలుగా 500 లోపు ఉంటాయి. నీ వీధిలో ఎర్ర తలపాగాలవాళ్లు ఎక్కువ తిరుగుతున్నారన్నమాట. ఎక్కడికి పోతున్నారు? నీకు రాత్రిపూట పిల్లికూతలు వస్తున్నాయి కాబట్టి, ఊపిరి గొట్టాల వైపే అని డాక్టరుగారు అనుకున్నారు.

ఈ ఎర్ర తలపాగాలవాళ్లు చెడ్డవాళ్లని మాత్రం అనుకోకు. వీళ్లు మన కాపలావాళ్లే. వీళ్ల అసలు పని పురుగులతో పోట్లాట. కడుపులో నులిపురుగుల్లాంటి పెద్ద శత్రువుని మామూలు తెల్లకణం మింగలేదు. వీళ్లు చుట్టుముట్టి తమ గింజల్లోని ఘాటు రసం దాని మీద పోస్తారు. అందుకే కడుపులో పురుగులున్నా ఈ అంకె పెరుగుతుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర నమిలి మింగావా అని డాక్టరుగారు అడిగింది అందుకే.

నా చిన్నప్పుడు కోనసీమలో బోదకాలు ఎక్కువ, అదీ ఒక పురుగు తెచ్చే జబ్బే. మా పక్కింటి మామ్మ కాలు అరటిబోదెలా ఉండేది, గుడిమెట్లు ఎక్కలేక కిందనుంచే దణ్ణం పెట్టుకునేది. ఏడాదికోసారి ఫైలేరియా ఆఫీసువాళ్లు పెట్రోమాక్స్ దీపం పట్టుకుని రాత్రి తొమ్మిది దాటాక వచ్చేవాళ్లు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద రక్తం తీసేవాళ్లు. మేము గడ్డిమేటు వెనక దాక్కునేవాళ్లం. ఒకసారి దొరికిపోయి, ఏడుస్తూనే అడిగాను: "పగలు రాకూడదా?" ఆయన సూది దూదితో తుడుస్తూ, "పగలు ఆ పురుగుపిల్లలు ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయిరా, దోమలు కుట్టే వేళకే రక్తంలోకి వస్తాయి" అన్నాడు. ఆ మాటకి నా ఏడుపు ఆగిపోయింది. దోమ వేళ పురుగుకెలా తెలుసు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న పట్టుకునే నేను మైక్రోస్కోపు దగ్గరికి చేరాను. వాళ్లిచ్చిన మాత్ర ఎవరి పనితనమో తర్వాత తెలిసింది. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1947లో బయటికి తెచ్చిన మందు. ఆ పురుగు మీద ఒళ్లు మరీ రెచ్చిపోతే కొందరికి రాత్రంతా దగ్గు, ఆయాసం, ఇసినోఫిల్స్ 3,000 దాటేవి. చూడ్డానికి ఉబ్బసంలాగే ఉండేది. ఆ మాత్రతోనే తగ్గేది.

నీకు పురుగుల్లేవు. మరి కాపలావాళ్లు ఎందుకు పరిగెడుతున్నారు? మా ఊళ్లో ఒకసారి అర్ధరాత్రి ఎవరో "దొంగ, దొంగ" అని కేకేశారు. ఊరంతా కర్రలతో పరిగెత్తారు. పొద్దున చూస్తే దొంగ లేడు, తాడు తెంపుకున్న దూడ. మామ్మ చిక్కుడుపందిరి మాత్రం నేలమట్టం. నీ ఊపిరి గొట్టాల్లో జరిగేదీ అదే. దుప్పటిలో దుమ్ముపురుగు, బొద్దింక పొట్టు, పిల్లి బొచ్చు దూడల్లాంటివి. వాటిని చూసి నీ ఒళ్లు దొంగ అని కేకేస్తుంది. ఆ ఘాటు రసం నీ గొట్టాల గోడల మీదే పడుతుంది. గోడ వాస్తుంది, దారి ఇరుకవుతుంది, పిల్లికూత వస్తుంది.

ఆ కేక వేసేవాడే నీ రిపోర్టులో ఐజీఈ అనే యాంటీబాడీ, అంటే పడనివాటిని పసిగట్టే ప్రొటీన్. వాణ్ణి పట్టుకున్న కథ నాకు భలే ఇష్టం. 1921లో జర్మనీలో కుస్ట్‌నర్ అనే డాక్టరుకి చేప తింటే పడేది కాదు. ప్రౌస్‌నిట్జ్ అనే స్నేహితుడికి చేపతో ఏ ఇబ్బందీ లేదు. కుస్ట్‌నర్ రక్తపు తేటని ప్రౌస్‌నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేపరసం ఎక్కిస్తే అక్కడ మాత్రం దద్దురు లేచింది! ఒకరి భయం ఇంకొకరి చర్మంలోకి వెళ్లి కూర్చుంది. రక్తంలో ఏదో ఉందని తెలిసింది కానీ అదేమిటో చేతికి చిక్కడానికి నలభై అయిదేళ్లు పట్టింది. అమెరికాలో డెన్వర్‌లో పిల్లల ఉబ్బసం ఆస్పత్రి పరిశోధనాలయంలో పనిచేసిన ఇషిజాకా దంపతులు, ఇంకోవైపు స్వీడన్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. అంత తక్కువ ఉంటుంది అది రక్తంలో.

సీఆర్‌పీ అని ఇంకొకటి కూడా నీ రిపోర్టులో ఉంది. అది కాలేయం చేసే ఒక ప్రొటీన్, బాక్టీరియా జ్వరాల్లో బాగా పెరుగుతుంది. నీకు మామూలుగానే ఉంది, దాన్ని వదిలెయ్.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, వినాలి. వీధి చూసి ఊరంతా తెలిసిపోయిందనుకోకూడదు. ఈ ఎర్ర తలపాగాలవాళ్లు వీధిలో ఉండేది కొద్ది గంటలే, తర్వాత ఇళ్లలోకి పోతారు. పొద్దున తక్కువుంటారు, రాత్రి ఎక్కువుంటారు. స్టిరాయిడ్ మందు మింగితే వీధి చప్పున ఖాళీ అవుతుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడికి అంకె బాగా తగ్గిందని ఇంట్లోవాళ్లు రోజూ పీల్చే పంపు మాన్పించారు. చలికాలం జలుబు రాగానే అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాల్సొచ్చింది. ఆ స్లైడు చూసి "తగ్గింది" అని సంతోషంగా చెప్పింది నేనే. ఆ మాట పక్కన "పంపు మానొద్దు" అని ఎందుకు చెప్పలేదా అని ఇప్పటికీ బాధ పడతాను. నీకు చెప్తున్నాను. ఆయాసం లేని రోజు కూడా డాక్టరుగారు చెప్పినన్నిసార్లు పీల్చు, పంపుకి స్పేసర్ డబ్బా తగిలించుకుని, ఆపైన నోరు పుక్కిలించు. బడిలో ఎవరైనా చూస్తే చూడనీ.

దోమ వేళ పురుగుకెలా తెలుస్తుందన్న ప్రశ్న నాకింకా పూర్తిగా తెగలేదు. నీకు తెగుతుందేమో.

ఈ ఉత్తరంతో చిన్న అట్టపెట్టె వస్తుంది, జాగ్రత్తగా విప్పు. అందులో ఒక స్లైడు ఉంది. అది నా రక్తమే, పోయిన వారం నేనే రంగు వేశాను. అన్నయ్య బడిలో మైక్రోస్కోపు ఉందిగా, సైన్సు టీచరుగారిని అడిగి చూడు. నాలుక కొసకి దగ్గరగా, కణాలు ఒకదానిమీద ఒకటి పడని చోట వెతుకు. వంద తెల్లకణాలు లెక్కపెట్టు, ఎన్ని ఎర్రగింజలవో రాసుకో. పెట్టె అడుగున ఒక చీటీ మడిచి పెట్టాను, నాకెన్ని కనబడ్డాయో అందులో ఉంది. నీ లెక్క అయ్యేదాకా విప్పకు.

మీ తాతయ్య