విండోస్ హోమ్ చాలా, ప్రో కావాలా: కొన్ని అపోహలు, వాస్తవాలు

చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు అమర్చి, వాటి మంచిచెడ్డలు చూసుకోవడం నా వృత్తి. ల్యాప్‌టాప్ కొనేవారైనా, ఆఫీసుకు నాలుగైదు కంప్యూటర్లు ఒకేసారి తీసుకునేవారైనా విండోస్ 11లో హోమ్, ప్రో అనే రెండు ఎడిషన్లలో (రకాల్లో) హోమ్ తీసుకోవాలా, ప్రో తీసుకోవాలా అని అడగకుండా ఉండరు. ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్న అపోహల వల్ల కొందరు అక్కరలేని చోట డబ్బు పోస్తున్నారు, మరికొందరు అత్యవసరమైన చోట పొదుపు చేసి తర్వాత ఇబ్బంది పడుతున్నారు.

అపోహ: ప్రో వేయిస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. రెండింటికీ మూలం ఒక్కటే, ప్రోలో కొన్ని అదనపు సౌకర్యాలు ఉంటాయి, అంతే. హోమ్ 128 జీబీ వరకు, ప్రో 2 టీబీ వరకు ర్యామ్‌ను వాడుకోగలవన్నది నిజమే గాని, 8 జీబీ, 16 జీబీ ర్యామ్‌తో నడిచే మన యంత్రాలకు ఆ తేడాతో పని లేదు. వేగమే కావాలనుకుంటే ఆ డబ్బు ర్యామ్ మీదో, ఎస్‌ఎస్‌డీ మీదో పెట్టడం మేలు.

అపోహ: హోమ్‌కు భద్రత తక్కువ, అందులోని సమాచారానికి ఎన్‌క్రిప్షన్ (కీ లేనివారు చదవలేని రూపంలోకి మార్చే రక్షణ) ఉండదు.

వాస్తవం: నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు రెండింటికీ ఒకే రోజు విడుదలవుతాయి, రెండింటిలోనూ ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఒక్కటే. డ్రైవ్‌లను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌ను పూర్తిగా మన అదుపులో ఉంచుకొని, పెన్‌డ్రైవ్‌లతో సహా ఏ డ్రైవ్‌కు తాళం వేయాలో మనమే నిర్ణయించుకోవాలంటే ప్రో ఉండాలి. అయితే ఈమధ్య వచ్చిన యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలు, హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకు చెప్పకుండానే మొదలవుతుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్ల జరిగే నష్టమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. మదర్‌బోర్డు మార్చినప్పుడో, బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినప్పుడో నీలిరంగు తెర మీద 48 అంకెల రికవరీ కీ ఇవ్వమని అడుగుతుంది. ఆ కీ మొదట లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేసి ఇచ్చినవారు తమ సొంత ఈమెయిల్‌తో ఆ ఖాతా తెరిచి ఉంటే, కీ కూడా వారి దగ్గరే ఉండిపోతుంది. అందుకే ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్న రోజే మీ ఖాతాతో లాగిన్ అయి, ఆ 48 అంకెలు ఎక్కడ ఉన్నాయో చూసి, కాగితం మీద రాసి భద్రపరచుకోండి.

అపోహ: ప్రో ఉన్న ఒక్క కంప్యూటర్‌లోకి నలుగురు ఉద్యోగులు రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి వేరే కంప్యూటర్‌ను వాడే సౌకర్యం) ద్వారా వచ్చి ఒకేసారి పని చేసుకోవచ్చు.

వాస్తవం: ఆడిటర్ల కార్యాలయాల్లో, ట్యాలీ వాడే దుకాణాల్లో ఈ ఆశతోనే ప్రో కొంటుంటారు. హోమ్ ఉన్న యంత్రం నుంచి వేరే యంత్రంలోకి వెళ్లగలమే గాని, దూరం నుంచి దానిలోకి రాలేము, ప్రోలోకి రాగలము. కానీ ప్రో ఒక సమయంలో ఒక్కరినే పని చేయనిస్తుంది. ఇంటి నుంచి మీరు లాగిన్ అయిన క్షణంలో ఆఫీసులో ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవారి తెర లాక్ అయిపోతుంది. నలుగురూ ఒకేసారి పని చేయాలంటే విండోస్ సర్వర్, దానితోపాటు రిమోట్ డెస్క్‌టాప్ కోసం తలకొకటి చొప్పున లైసెన్సులు కావాలి. ఆ పరిమితిని తొలగిస్తామంటూ ఇంటర్నెట్‌లో దొరికే ప్యాచ్‌లు లైసెన్సు ఒప్పందానికి విరుద్ధం, పైగా ఒక అప్‌డేట్ రాగానే పని చేయడం మానేస్తాయి. లెక్కల డేటా ఉన్న యంత్రం మీద అలాంటి ప్రయోగాన్ని నేను ఎవరికీ సూచించను.

అపోహ: ప్రో కొంటే పాత కంప్యూటర్‌లోనూ విండోస్ 11 నడుస్తుంది.

వాస్తవం: టీపీఎమ్ 2.0 (రహస్య కీలను దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు), మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ అనే షరతులు రెండు ఎడిషన్లకూ సమానమే. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా వస్తోంది; ఎడిషన్ మార్చడం దానికి జవాబు కాదు.

అపోహ: హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో తెలుగు టైపు చేయలేము.

వాస్తవం: మన దేశంలో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ ఎడిషనే వస్తుంది. అందులో మార్చలేనిది మెనూలు, సెట్టింగులు కనిపించే భాష మాత్రమే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డునూ, ఉచ్చారణను బట్టి టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డునూ నిరభ్యంతరంగా చేర్చుకోవచ్చు.

అపోహ: కొన్ని వందల రూపాయలకు దొరికే ప్రో కీ కూడా అసలైనదే, ఎందుకంటే అది ఆక్టివేట్ అవుతోంది.

వాస్తవం: ఆక్టివేట్ కావడం వేరు, దానిని వాడే హక్కు మనకు ఉండడం వేరు. అంత చవకగా వచ్చే కీలలో చాలావరకు ఏదో పెద్ద సంస్థకు వందలాది కంప్యూటర్ల కోసం ఇచ్చిన వాల్యూమ్ లైసెన్సు నుంచి బయటికి వచ్చినవే. మైక్రోసాఫ్ట్ ఆ కీని నిలిపివేసిన రోజున కొన్నవారికి మిగిలేది ఏమీ ఉండదు. మీ యంత్రంలో ఏముందో మీరే చూసుకోవచ్చు. విండోస్ మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎస్, ఎల్, ఎమ్, జీ, ఆర్ అక్షరాలు వరుసగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, దాని వెంట డీ, ఎల్, ఐ కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న చిన్న కిటికీలో హోమ్ అయితే 'కోర్' అనీ, సింగిల్ లాంగ్వేజ్ అయితే 'కోర్ సింగిల్ లాంగ్వేజ్' అనీ, ప్రో అయితే 'ప్రొఫెషనల్' అనీ ఉంటుంది. దాని కింది వరుసలోని ఛానెల్ పేరే, అంటే లైసెన్సు ఏ మార్గంలో వచ్చిందో చెప్పే మాటే, అసలు చూడవలసినది. 'ఓఈఎమ్' (కంప్యూటర్ తయారీదారు ద్వారా వచ్చినది) అని ఉంటే ఆ లైసెన్సు ఆ యంత్రంతోనే ముడిపడి ఉంటుంది, యంత్రం పోతే అదీ పోతుంది. 'రిటైల్' అయితే పాతదాని నుంచి తీసి కొత్త కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. వాల్యూమ్ అని కనిపించి, అది మీ సంస్థ కొన్న లైసెన్సు కాకపోతే, అమ్మినవారిని బిల్లుతో సహా నిలదీయాలి.

ఎడిషన్ పేరు కన్నా ఈ ఛానెల్ సంగతే ముందుగా తేల్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇంట్లో పిల్లల చదువుకు, బ్యాంకు పనులకు, సాధారణ ట్యాలీ పనికి హోమ్ చాలు. కంప్యూటర్లన్నిటినీ డొమైన్ అనే ఆఫీసు నెట్‌వర్క్‌లో చేర్చి ఒకేచోటి నుంచి అదుపు చేయాలన్నా, వాటి సెట్టింగులను నియంత్రించే గ్రూప్ పాలసీ కావాలన్నా, హైపర్‌వీ మీద వర్చువల్ యంత్రాలు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే మరో కంప్యూటర్లు) నడపాలన్నా ప్రో తీసుకోండి. ఎటూ తేల్చుకోలేని పక్షంలో హోమ్‌తో మొదలుపెట్టండి: అవసరం వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ ద్వారా ప్రోకు మారితే ఫైళ్లూ ప్రోగ్రాములూ ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రో నుంచి హోమ్‌కు రావాలంటే మాత్రం మొత్తం చెరిపి మళ్లీ వేసుకోవాలి.