ఎలుక బుర్రలో దారి, జ్ఞాపకం: నాకు తరచూ వినపడే అపోహలు

విశాఖలో ఒక ఫార్మకాలజీ ల్యాబ్‌లో ఎలుకల జ్ఞాపకశక్తిని పరీక్షించడం నా పని. ఆ సంగతి చెప్పగానే చుట్టాలూ పక్కింటివాళ్లే కాదు, కొత్తగా చేరిన ఎం.ఫార్మసీ పిల్లలూ ఇంచుమించు అవే మాటలు అంటారు. పూర్తిగా తప్పయినవాటితో పెద్ద చిక్కు లేదు. సగం నిజాలతోనే తంటా.

అపోహ: ఎలుక వాసన పట్టుకునే దారి తెలుసుకుంటుంది.

పూర్ణా మార్కెట్లో బియ్యం కొట్టువాళ్లని అడగండి, ఇదే చెబుతారు. ముక్కు గట్టిదే, కాదనను. చీకట్లో మీసాలు గోడకి రాసుకుంటూ పోవడమూ నిజమే. కానీ ఆ రెండూ పనికిరాని చోట కూడా ఎలుక దారి కనుక్కుంటుంది. 1980ల మొదట్లో రిచర్డ్ మోరిస్ తయారుచేసిన వాటర్ మేజ్ దీన్ని చక్కగా చూపించింది. మేం వాడేదీ అదే: పెద్ద గుండ్రటి తొట్టి, తెల్లరంగు కలిపిన నీళ్లు, నీటిమట్టానికి కాస్త కింద కనపడకుండా ఒక చిన్న దిమ్మ. ఎలుకకి ఈత బాగానే వచ్చు, నీళ్లలో ఉండటమే ఇష్టం ఉండదు. అందుకే దిమ్మ వెతుక్కుంటుంది. నీళ్లలో వాసన జాడ నిలవదు. వదిలే చోటు ప్రతిసారీ మారుస్తాం కాబట్టి ‘ఎడమకి తిరిగితే చాలు’ అనే లెక్కా కుదరదు. అయినా నాలుగైదు రోజుల్లో తిన్నగా దిమ్మ మీదికి పోతుంది, గదిలో ఉన్న గుర్తులు చూసుకుని. 1982లో మోరిస్ బృందం మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిన్న ఎలుకలని ఇలాగే వదిలింది. దిమ్మ పైకి కనపడితే అవి నేరుగా వెళ్లాయి. దాచిపెడితే తొట్టంతా తిరిగాయి.

గుర్తులంటే మేం గోడకి అంటించిన నల్ల త్రికోణం ఒక్కటే అనుకోకండి. మనుషుల్నీ గుర్తుగా పెట్టుకుంటుంది. రోజూ తలుపు పక్కన తెల్ల ఏప్రన్‌తో నిలబడే పిల్లవాడు ఒకరోజు కిటికీ దగ్గర నిలబడ్డాడంటే ఆ రోజు డేటా మీద నమ్మకం పెట్టుకోలేం. మే నెలలో ఇంకో తలనొప్పి ఉంది. మేడమీద ట్యాంకు నీళ్లు కాగిపోయి వస్తాయి. వెచ్చటి నీళ్లలో ఎలుక హాయిగా తేలుతూ ఉండిపోతుంది, వెతకదు. ఐస్ ప్యాకులు వేసి 25 డిగ్రీల దగ్గరికి దించాకే పని మొదలవుతుంది. నీళ్లలో పాలపొడి కలిపే పాత పద్ధతి మన ఉక్కకి అసలు లాభం లేదు, సాయంత్రానికి గదంతా కంపు.

అపోహ: ఒక్కో చోటికి ఒక్కో కణం, అది ఎప్పటికీ మారదు.

1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ డొస్ట్రోవ్‌స్కీ హిప్పోక్యాంపస్‌లో ప్లేస్ సెల్స్‌ని గుర్తించారు. ఎలుక ఫలానా మూలకి రాగానే ఫలానా కణం గట్టిగా స్పందిస్తుంది. దీపం ఆర్పేసినా చాలా కణాలు అలాగే పనిచేస్తాయి. ఇంతవరకూ అపోహలో నిజం ఉంది. ఎలుకని వేరే గదిలో పెట్టండి, అదే కణం ఇంకెక్కడో స్పందిస్తుంది, లేదా నోరు మెదపదు. మెదడులో పక్కపక్కన ఉన్న కణాలు గదిలో పక్కపక్క చోట్లని సూచించాలనీ లేదు. చోటు ఏదో తెలిసేది గుంపు మొత్తాన్ని చూస్తేనే.

అపోహ: మెదడులో జీపీఎస్ ఉంది.

2014లో ఓకీఫ్‌కీ, మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌లకీ నోబెల్ వచ్చినప్పుడు పేపర్లన్నీ ఈ మాటే రాశాయి. నాకు నచ్చదు. నార్వేలో మోసర్ల బృందం 2005లో హిప్పోక్యాంపస్ పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో గ్రిడ్ సెల్స్‌ని చూపించింది. ఒక్కో కణం నేలంతటా సమబాహు త్రిభుజాల మూలల దగ్గర స్పందిస్తుంది. కానీ జీపీఎస్‌కి ఆకాశంలోంచి కబురు అందుతుంది. ఎలుక తన వేగం, తల తిరిగిన దిక్కు తనే లెక్కేసుకోవాలి. ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లిన పడవ వేగం, దిక్కు లెక్కపెట్టుకుంటూ తిరిగొస్తూ, డాల్ఫిన్స్ నోస్ కొండ కనపడగానే లెక్క సరిచేసుకుంటుందే, అలాంటిది. లెక్కలో తప్పు పేరుకుంటూ ఉంటుంది, గోడ తగిలినప్పుడు సర్దుకుంటుంది.

అపోహ: హిప్పోక్యాంపస్ జ్ఞాపకాల గోడౌన్.

1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మోలైసన్‌కి రెండువైపులా ఆ భాగం చాలావరకు తీసేశారు. కొత్త సంగతులు గుర్తుండటం ఆగిపోయింది, చిన్ననాటివి చాలావరకు మిగిలాయి, చేతిపనులు కొత్తవి కూడా నేర్చుకోగలిగాడు. ఎలుకల్లోనూ ఇలాంటిదే. 1996లో ప్యాకర్డ్, మెక్‌గా చేసిన ప్రయోగంలో ఎలుకలు మొదట ‘తిండి ఫలానా చోట ఉంది’ అని నేర్చుకున్నాయి, అప్పుడు హిప్పోక్యాంపస్ కావాల్సివచ్చింది. రోజూ అదే దారి కావడంతో రెండో వారం ముగిసేసరికి ‘ఇటు తిరగాలి’ అన్న అలవాటు పైకొచ్చింది, పని కాడేట్ అనే భాగం చేతికి పోయింది.

నిద్రలో మెదడు ఖాళీగా ఉంటుందన్నదీ తప్పే. పగలు తిరిగిన దారి కణాలు నిద్రలో మళ్లీ కలిసి స్పందిస్తాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ చూపించారు. ఆ సమయంలో వచ్చే చిన్న తరంగాలని అడ్డుకుంటే ఎలుకలు దారి సరిగ్గా నేర్చుకోలేదు. పరీక్షల ముందు రాత్రంతా మేలుకునే పిల్లలకి నేను చెప్పేది ఇదొక్కటే.

అపోహ: ఎలుకల మీద పనిచేసింది కాబట్టి ఈ టానిక్ మా అబ్బాయికీ పనిచేస్తుంది.

ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న తప్పదు. మందు ఇచ్చాక ఎలుక దిమ్మని తొందరగా చేరిందంటే జ్ఞాపకం పెరిగిందనే అర్థం రాదు. వేగంగా ఈది ఉండొచ్చు, టెన్షన్ తగ్గి ఉండొచ్చు. అందుకే చివర్లో దిమ్మ తీసేసి వదులుతాం. అది ఉండే పావు భాగంలో ఎలుక ఎంతసేపు వెతికిందో చూస్తాం, ఈత వేగం విడిగా కొలుస్తాం. ఈ రెండూ లేని రిపోర్టు నేను పక్కన పెట్టేస్తాను. పైగా ఇలాంటి చాలా పరీక్షల్లో ముందు స్కోపొలమిన్ అనే మందు ఇచ్చి ఎలుకకి మతిమరుపు తెప్పిస్తారు, ఆ తర్వాత పరీక్షించే మందు దాన్ని ఎంత సరిచేసిందో కొలుస్తారు. మీ అబ్బాయికి ఎవరూ స్కోపొలమిన్ ఇవ్వలేదు కదా.