చెత్త మంట, ఆకుల పొగ: రోజూ నాకు వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నేను మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. పద్దెనిమిదేళ్లు కావస్తోంది. పొద్దున ఐదింటికి కార్మికుల హాజరు వేసే మస్టర్ పాయింట్‌కి బండి మీద బయల్దేరితే ఏ సందులో ఏం తగలబడుతోందో చూడక్కర్లేదు, వాసన చాలు. ఎండాకులైతే గొంతులో గరగర, పాత వైర్లు కాలుస్తుంటే ముక్కు లోపల చురుక్కుమంటుంది, టైరైతే నాలుక మీద కూడా రుచి తెలుస్తుంది. గొప్పకి చెప్పడం లేదు, ఉద్యోగంతో పాటు వచ్చిన జబ్బు అనుకోండి. మంట దగ్గర బండి ఆపిన ప్రతిసారీ అటుపక్క నుంచి వచ్చే జవాబులు దాదాపు అవే ఏడెనిమిది. ఒకసారి రాసి పెడితే లింకు పంపేసి ఊరుకోవచ్చని ఇది రాస్తున్నా.

అపోహ: మునిసిపాలిటీ వాళ్లే రోడ్డు పక్కన కాలుస్తున్నారు, అంటే కాల్చొచ్చనే కదా?

దీంతోనే మొదలుపెడతా, ఎందుకంటే ఇది నాకు తగలాల్సిన దెబ్బే. కాల్చకూడదు. మేము అసలే కాల్చకూడదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో స్థానిక సంస్థల బాధ్యతలు రాసిన చోట ఈ మాట విడిగా పెట్టారు: వీధులు ఊడ్చేవాళ్లు పోగేసిన ఆకుల్ని కాల్చకుండా, వేరుగా ఉంచి చెత్త సేకరించేవాళ్లకు అప్పగించేలా చూడాలి అని. అంటే ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకి కూడా మా సంగతి ముందే తెలుసన్నమాట.

మరి ఎందుకు కాలుస్తారు? ఆకు తేలిక, కానీ జాగా మింగేస్తుంది. ట్రాక్టర్ ట్రక్కు నిండా ఆకులు తొక్కి నింపినా కాటా మీద బరువు చూపించదు. డ్రైవరుకి అది దండగ ట్రిప్పు. నేను పని చేసిన ఒక ఊళ్లో ఆకుల కోసం బండి కావాలని మూడు నెలలు నోట్ ఫైళ్లు పెట్టాను, బండి రాలేదు. ఆ ఊళ్లోనే ఒకరోజు మంట పెట్టిన, వీధి ఊడ్చే అక్కని గట్టిగా అరిచాను. ఆవిడ చీపురు కింద పెట్టి, "కుప్ప ఇక్కడే ఉంటే మీరే తిడతారు, బండి రాదు, కాలిస్తే మీరే తిడతారు, నెత్తిన పెట్టుకుని పోవాలా సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆ వార్డు పార్కులో ఒక మూల గుంట తవ్వించి, ఆకులు ఒక పొర, పలచగా కలిపిన పేడనీళ్లు ఒక చిలకరింపు, ఇలా నింపుకుంటూ పోయాం. తడి ఆరకుండా చూసి అప్పుడప్పుడు తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువైంది. పక్క వార్డులో కూడా నడిచింది. మూడో వార్డులో గుంటలో ఎవరో ఇంటి చెత్త, డైపర్లు వేసి పాడు చేశారు, అక్కడ మళ్లీ మంటలే.

కాబట్టి మా వాళ్లు కాలుస్తుంటే ఫోటో తీసి ఫిర్యాదు చేయండి, మొహమాటం వద్దు. కాకపోతే ఊడ్చే మనిషి మీద కాకుండా బండి ఎందుకు రాలేదని రాయండి.

అపోహ: నా స్థలం, నా చెత్త, మధ్యలో మీరెవరు?

ఇది చెప్పేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ, కొందరు రూలు కూడా చదివి వస్తారు. నిజానికి వాళ్ల మాటలో కొంచెం పట్టు ఉంది. 2016 నియమాల్లో తన ఆవరణ బయట వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, కాలవల్లో, చెరువుల్లో చెత్త వేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు అని రాశారు. "ఆవరణ బయట" అన్నారు కాబట్టి లోపల ఫర్వాలేదు అని వీళ్ల లెక్క. కానీ అదే ఏడాది డిసెంబర్ 22న పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్, చెత్త నిర్వహణ మీద అల్మిత్రా పటేల్ వేసిన కేసులో ఇచ్చిన ఆదేశంలో ఆ సందు మూసేశారు. బహిరంగంగా చెత్త కాల్చడం దేశమంతటా పూర్తిగా నిషేధం, డంపింగ్ యార్డుల్లో కూడా. మామూలుగా కాల్చినవాళ్ల నుంచి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవాళ్ల నుంచి 25,000 రూపాయలు పర్యావరణ పరిహారంగా వసూలు చేయాలన్నారు. స్థానికంగా మునిసిపాలిటీలు వేసే స్పాట్ ఫైన్లు ఇవి కాకుండా.

దానికి తోడు పొగకి ప్రహరీ గోడ తెలియదు కదా. పక్కింటివాళ్ల ఆరోగ్యానికి హాని చేసేలా గాలిని పాడు చేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 280 కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది, నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే 287 కింద ఆరు నెలల దాకా జైలు. వెయ్యి రూపాయలకి ఎవరు భయపడతారు అంటారా, నేనూ అదే అంటాను. అందుకే నేను ముందు మాటతో చూస్తాను, తర్వాత నోటీసు, ఆ తర్వాతే చలానా.

అపోహ: ఆకులే కదా, ప్లాస్టిక్ లేదు కదా.

ఆకుల కుప్ప మంటలా మండదు, రాజుకుంటూ ఉంటుంది. గాలి సరిగ్గా అందక, లోపల తడి ఉండి, సగం సగం కాలుతూ గంటల తరబడి పొగ వదులుతుంది. అంత పొగ భగభగ మండే ఎండుకట్టె నుంచి రాదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని సన్న రేణువులు ఉంటాయి, అవి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి. మన దేశంలో ఈ సన్న రేణువులకి రోజు సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. వీధి చివర ఆకుల మంట ఉన్నప్పుడు పక్కింట్లో ఆస్తమా ఉన్న పిల్లాడికి ఆ పూట ఏ పరిమితి మిగలదు.

"దోమలు పోతాయని వేపాకు వేశాం" అనేది దీనికి చెల్లెలు. పొగ ఉన్నంతసేపు దోమ పక్కకి పోతుంది, పొగ ఆరగానే తిరిగి వస్తుంది. అది పుట్టేది మీ డాబా మీద కొబ్బరి చిప్పలో, కూలర్ తొట్టిలో. అక్కడ నీళ్లు పారబోయండి.

అపోహ: డ్రమ్ములో కాలిస్తే ఇన్సినరేటర్ లాంటిదే.

ఈ ఐడియా ఎవరు ఎక్కించారో గానీ, అపార్ట్‌మెంట్ల సెక్రటరీలు రేకు డ్రమ్ముకి బొక్కలు కొట్టించి నాకే చూపిస్తారు, మెచ్చుకుంటానని. ఆసుపత్రి వ్యర్థాలు కాల్చే అసలు ఇన్సినరేటర్‌లో రెండు గదులుంటాయి, మొదటి దాంట్లో కనీసం 800 డిగ్రీలు, రెండో దాంట్లో 1,050 డిగ్రీల దగ్గర వేడి నిలబెట్టాలి, ఆ రెండో గదిలో పొగ కనీసం రెండు సెకన్లు ఉండాలి, తర్వాత దాన్ని శుద్ధి చేయాలి, చిమ్నీ కనీసం 30 మీటర్ల ఎత్తు ఉండాలి. మీ డ్రమ్ముకి ఇవేవీ లేవు, చిమ్నీ అయితే మూడో అంతస్తు ఆంటీ బాల్కనీనే.

ఇక పాత వైర్లు కాల్చి రాగి తీసేవాళ్ల సంగతి. వైరు పైతొడుగు పీవీసీ అనే ప్లాస్టిక్, అందులో క్లోరిన్ ఉంటుంది, తక్కువ వేడిలో కాలినప్పుడు డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, రాగి పక్కనే ఉంటే ఇంకా తేలిగ్గా పుడతాయి. అవి మట్టి మీద, గడ్డి మీద పడి, గేదె తిని, పాలలో వెన్నతో పాటు మన ఇంటికే వస్తాయి. రాగి తీసేవాళ్లు బీదవాళ్లు, వాళ్లకి చలానా రాయడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. ఆ తుక్కు వాళ్లకి అమ్మే షాపుల గోడౌన్ల మీదకి పోతేనే ఫలితం కనిపించింది.

అపోహ: తెల్లవారుజామున కాలిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

అన్నిటికన్నా తప్పు సమయం అదే. డిసెంబర్, జనవరిలో రాత్రంతా నేల చల్లబడి దాన్ని అంటుకున్న గాలి చల్లగా, బరువుగా కిందనే ఉండిపోతుంది, దానిమీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. పొగ పైకి పోదు, పక్కకి పరుచుకుంటుంది. ఊరి బయట నుంచి చూస్తే ఇళ్ల కప్పుల ఎత్తులో తెల్లటి దుప్పటిలా కనిపించేది అదే. వాకింగ్‌కి వెళ్లేవాళ్లు, పాలవాళ్లు, మా కార్మికులు దాని అడుగున తిరుగుతుంటారు. హైవే పక్క గడ్డికి నిప్పు పెడితే ఆ పొగ మంచుతో కలిసి ముందు లారీ కనిపించదు. మధ్యాహ్నం కాల్చమంటున్నారా అని ఒకాయన అడిగారు. అసలే కాల్చొద్దు అంటున్నానండీ.

అపోహ: పొలంలో కొయ్యకాళ్లు కాలిస్తే బూడిద ఎరువు, పురుగు చస్తుంది.

ఇది నా పరిధి కాదు, కానీ పొగకి ఊరి పొలిమేర తెలియదు, పైగా మా బావ రైతు. "నువ్వు ఊళ్లో ఆకుల సంగతి చూసుకో, పొలం నాకొదిలెయ్" అంటాడు. ఆయన బాధ నిజమే. హార్వెస్టర్ కోసిపోయాక గడ్డి అడ్డదిడ్డంగా పడి ఉంటుంది, రెండో పంటకి నారు సిద్ధంగా ఉంటుంది, కూలీలు దొరకరు, అగ్గిపుల్ల రూపాయి కూడా కాదు.

కానీ లెక్క చూడండి. టన్ను వరిగడ్డి కాలిస్తే దాదాపు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పొటాష్ కొంత బూడిదలో మిగులుతుంది అనుకున్నా, నత్రజని, సేంద్రియ కర్బనం గాల్లో కలిసిపోయినట్టే. పురుగుతో పాటు పై మట్టిలో మనకి పనికొచ్చే సూక్ష్మజీవులు కూడా చస్తాయి. మా బావ చివరికి ఒప్పుకున్నది ఒకే దారి: నీళ్లు పెట్టి, ఎకరాకి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు చల్లి రోటవేటర్‌తో దున్నేయడం. గడ్డి త్వరగా మెత్తబడి కుళ్లుతుంది. అంతకు ముందు ఏడాది ఆయన పెట్టిన మంట గట్టు దాటి పక్కాయన గడ్డివామి అంటుకుంది, ఒప్పుకోవడానికి అసలు కారణం అదని నా అనుమానం.

ఇంకో ముక్క. "కొయ్యలు కాలిస్తే ముప్పై వేలు ఫైన్" అని వాట్సాప్‌లో తిరిగేది మన దగ్గరి రేటు కాదు. రెండెకరాల లోపు 5,000, రెండు నుంచి ఐదెకరాల దాకా 10,000, ఆపైన 30,000 అనేది 2024 నవంబర్‌లో కేంద్రం ఢిల్లీ పరిసర ప్రాంతం, దాని చుట్టుపక్కల రాష్ట్రాల కోసం పెంచింది. దాన్ని చూపించి ఇక్కడి రైతుని బెదిరించకండి, నిజం తెలిశాక మిగతా మాటలు కూడా నమ్మడు.

అపోహ: భోగి మంట కూడా బ్యాన్ చేసేశారు.

లేదు బాబూ. పిడకలు, ఎండుకట్టెలు వేసుకుని చలి కాచుకుంటే నేను కూడా వచ్చి నిలబడతా. గొడవంతా టైర్లతో. పండక్కి వారం ముందు నుంచి కుర్రాళ్లు పంక్చర్ షాపుల చుట్టూ తిరుగుతారు, మంట ఎత్తుగా వస్తుందని. విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పాత పరుపులు కూడా "పాతవి" అని అందులోకే. టైరు అంటుకున్నాక ఆర్పడం కష్టం, నూనెలాంటిది కారుతుంది. తారు రోడ్డు మీద వేస్తే పండగ తర్వాత ఆ చోట గుంట, ఆ గుంటని పూడ్చమని మళ్లీ మాకే ఫిర్యాదు. అందుకే నేను భోగికి నాలుగు రోజుల ముందే పంక్చర్ షాపులకి పోయి పాత టైర్లు తాళం వేసి పెట్టుకోమని చెప్పి వస్తా, కుర్రాళ్లకి ఎంత క్లాసు పీకినా అంత పని జరగదు.

అపోహ: కంప్లైంట్ ఇచ్చినా ఏమీ కాదు.

సగం నిజం. "మా ఏరియాలో పొగ" అని రాస్తే మేం వచ్చేసరికి బూడిద ఉంటుంది, ఎవరు పెట్టారో ఎవరూ చెప్పరు. మంట కనిపించేలా ఫోటో, టైము, లొకేషన్, వీలైతే ఏ షాపు లేదా ఏ బండి అన్నది పెట్టండి. మునిసిపాలిటీకి ఫిర్యాదులు పంపే స్వచ్ఛతా యాప్‌లో వేయొచ్చు, ఆంధ్రాలో అయితే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి చెప్పొచ్చు. ఒకే చోట పదే పదే జరుగుతుంటే తేదీలతో రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పుడు నోటీసు ఇవ్వడానికి నాకు చేతిలో కాగితం ఉంటుంది. అదీ పని చేయకపోతే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద బహిరంగ ఉపద్రవం అని అర్జీ పెట్టుకోవచ్చు, చాలామందికి ఈ దారి తెలియదు.

డంపింగ్ యార్డు అంటుకుంటే మాత్రం వీడియో కోసం దగ్గరికి పోవద్దు. లోపల మీథేన్ అనే మండే వాయువు ఉంటుంది, పైన ఆరినట్టు కనిపించినా అడుగున రోజుల తరబడి రాజుకుంటుంది, పొక్లెయిన్‌తో తవ్వి తడిపి మట్టి కప్పితే గానీ ఆగదు. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగా పక్కకి జరగండి.