జుట్టే హెల్మెట్: తొలినాళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ మీద అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో ఒక కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అథ్లెటిక్ ట్రైనర్‌ని. చీలమండలకి టేపు చుట్టడం, తలకి దెబ్బ తగిలినవాణ్ణి మళ్ళీ మైదానంలోకి దిగకుండా ఆపడం నా పని. ఎడిసన్‌లో మనవాళ్ళింటికి భోజనానికి వెళ్తే టీవీలో మ్యాచ్ నడుస్తూ ఉంటుంది. కూర వడ్డించేలోపే మొదలవుతుంది చర్చ.

అపోహ: "బంతి పట్టుకుని గుద్దుకోవడం, పుట్టినప్పట్నుంచీ ఈ ఆట ఇంతే."

వాస్తవం: మొదటి కాలేజీ మ్యాచ్‌గా చెప్పుకునేది ఎడిసన్ పక్కనే, న్యూ బ్రన్స్‌విక్‌లో 1869 నవంబరు 6న జరిగింది. రట్గర్స్ 6, ప్రిన్స్‌టన్ 4. ఒక్కో వైపు 25 మంది. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు. తన్నాలి, లేదా చేత్తో కొట్టాలి. పదకొండు మంది లెక్క 1880లో యేల్ ఆటగాడు వాల్టర్ క్యాంప్ పట్టుబట్టి తెచ్చాడు. రెండేళ్ళకి, మూడు ప్రయత్నాల్లో బంతిని ఐదు గజాలు ముందుకి తీసుకెళ్ళాలన్న నియమం వచ్చింది. మైదానం మీద ఆ గీతలన్నీ ఈ గజాలు కొలవడానికే.

అపోహ: "అప్పటివాళ్ళు ఉక్కుమనుషులండీ, హెల్మెట్లెందుకు?" (ఇది ఒక బాబాయిగారి మాట. ఆయనకి మోకాలి నొప్పి.)

వాస్తవం: ఉక్కూ లేదు, గిక్కూ లేదు. 1890ల్లో తలకి మెత్తగా ఉంటుందని జుట్టు పెంచుకునేవాళ్ళు. ముక్కు విరక్కుండా రబ్బరు తొడుగు: పట్టీ తల చుట్టూ, కింది కొస పళ్ళ మధ్య. దాన్ని కరిచి పట్టుకుని, నోటితోనే ఊపిరి పీలుస్తూ ఆడాలి. ఇంకో దెబ్బ తగిలితే మతి పోతుందనో ప్రాణం పోతుందనో డాక్టరు హెచ్చరిస్తే, నేవీ అకాడమీ ఆటగాడు జోసెఫ్ రీవ్స్ 1893లో ఆర్మీ అకాడమీతో మ్యాచ్‌కి ప్రత్యేకంగా టోపీ కుట్టించుకుని దిగాడని చెబుతారు. నేనైతే బెంచీ మీంచి లేవనిచ్చేదాన్ని కాదు. కాలేజీల్లో హెల్మెట్ తప్పనిసరి అయ్యింది 1939లో!

అపోహ: "అప్పట్లో డబ్బు మాటే లేదు, చదువుకుంటూ సరదాగా ఆడేవాళ్ళు."

వాస్తవం: 1904లో యేల్ కెప్టెన్ జేమ్స్ హోగన్‌కి ఫీజు, గది ఉచితం. బేస్‌బాల్ మ్యాచ్‌ల స్కోరుకార్డుల అమ్మకంలో వాటా, ఊళ్ళో అమ్ముడైన సిగరెట్ల మీద కమిషన్, పైగా క్యూబా విహారయాత్ర. జీతమని మాత్రం అనలేదు, అంతే.

అపోహ: "ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ ఆటని నిషేధించబోయాడు."

వాస్తవం: నిషేధించే అధికారం ఆయనకి లేదు, ఆ ఉద్దేశమూ లేదు. మైదానాల్లో కుర్రాళ్ళు చనిపోతున్నారని గోల పెరిగితే 1905 అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచాడు. సొంత కొడుకు హార్వర్డ్ మొదటి సంవత్సరం జట్టులో ఆడుతున్నాడు మరి. ఆ మరుసటేడు గుంపుల తొక్కిసలాట తగ్గించడానికి బంతిని ముందుకి విసరడం ఒప్పుకున్నారు. అయితే మెలిక పెట్టారు: విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేల మీద పడితే, అది అవతలి జట్టుదే. చాలామంది కెప్టెన్లు అసలు విసరనే లేదు.