రేడియో వినేవాళ్లను ఎలా లెక్కపెడతారంటే

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, "గాల్లో పోయే రేడియోని ఎంతమంది వింటున్నారో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అని. లైన్ కట్టయింది కానీ ప్రశ్న నా బుర్రలోనే తిరుగుతోంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీరుండే అమెరికాలో ఈ లెక్క చాలా ఏళ్లు కాగితం మీదే నడిచింది. ఆర్బిట్రాన్ అనే కంపెనీ కొన్ని ఇళ్లకు చిన్న డైరీ పంపేది. ఏ స్టేషన్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా విన్నారో వారం పాటు రాయాలి. ఏ రోజుది ఆ రోజు రాసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? చాలామంది పోస్టులో వేసే ముందు కూర్చుని, గుర్తున్నది రాసేవాళ్లు. గుర్తుండేది ఇష్టమైన స్టేషన్ పేరే. పొద్దున ఆరు నుంచి పది దాకా అదేనని ఒక గీత గీస్తే అయిపోయె. మధ్యలో స్నానానికి వెళ్లిందీ, విసుగొచ్చి స్టేషన్ మార్చిందీ లెక్కకెక్కవు. మన దేశంలో 2007లో ఢిల్లీ, ముంబై, బెంగళూరుల్లో ఎఫ్‌ఎం శ్రోతల లెక్క మొదలైనప్పుడూ డైరీ పద్ధతే.

అదే 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్‌లలో డైరీ పోయి మీటర్ వచ్చింది. గుప్పిట్లో పట్టేంత పెట్టె. అప్పట్లో దాన్ని పొద్దున నడుముకు తగిలించుకుని, రాత్రి స్టాండులో పెట్టేవాళ్లు. స్టేషన్ వాళ్లు పాటల్లో, మాటల్లో మన చెవికి అందని కోడ్ కలిపి పంపుతారు. పెళ్లిలో మేళం మోగుతుంటే పక్కవాడి గొణుగుడు మనకు వినపడదు చూడండి, ఆ కోడ్ కూడా అలాగే పెద్ద శబ్దం చాటున దాక్కుంటుంది. మీటర్ దాన్ని పట్టుకుని, ఏ నిమిషంలో మీ దగ్గర ఏ స్టేషన్ మోగిందో గుర్తు పెట్టుకుంటుంది. మనసుపెట్టి విన్నారా, కొట్లో సరుకులు కొంటుంటే చెవిన పడిందా అన్నది దానికి తెలియదు.

దాంతో అంకెలు తారుమారయ్యాయి. ఒక్కో మనిషి వినే స్టేషన్లు అనుకున్నదానికన్నా ఎక్కువని తేలింది, ఒక్కోదాన్ని వినే సేపు తక్కువని తేలింది. ప్రైవేటు స్టేషన్‌ను బతికించేది ప్రకటనలు. ప్రకటన రేటు పలికేది ఈ అంకెను బట్టే. నల్లవారి స్టేషన్లకు, స్పానిష్ స్టేషన్లకు గట్టి దెబ్బ తగిలింది. గంటల తరబడి వినే శ్రోతలే వాటి బలం మరి. మీటర్లు పట్టుకున్నవాళ్లలో తమవాళ్లు సరిపడా లేరనీ, ల్యాండ్‌లైన్ లేకుండా సెల్‌ఫోన్ ఒక్కటే ఉన్న ఇళ్లను తగినన్ని చేర్చలేదనీ వాళ్లు గొడవపడ్డారు. 2008 అక్టోబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ కూమో ఆర్బిట్రాన్ మీద కేసు వేశాడు. మీటర్లు ఇచ్చే ఇళ్ల ఎంపికను మెరుగుపరుస్తామని కంపెనీ ఒప్పుకున్నాక, 2009 జనవరిలో రాజీ అయింది. ఆ స్టేషన్ల గోడు న్యాయమైనదేనని నా నమ్మకం. పడమటి చేలో గింజలు మాత్రమే తూచి ఊరి పంట ఇంత అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

అలాగని మీటర్ అందరికీ శత్రువేం కాదు. ఇంగ్లండ్‌లో టాక్‌స్పోర్ట్ అనే రేడియో స్టేషన్‌ను నడిపిన కెల్విన్ మెకెంజీ, డైరీలు మాకు అన్యాయం చేస్తున్నాయి, మీటర్ తెండి అని కోర్టుకెక్కాడు. 2004లో ఓడిపోయాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఇందాక కోడ్ శబ్దం చాటున దాక్కుంటుందన్నాను కదా, మరి శబ్దమే లేనప్పుడు? అనౌన్సర్ మెల్లగా మాట్లాడి ఒక్క క్షణం ఆగితే ఆ ఖాళీలో కోడ్‌కి చోటుండదు. కథ చెప్పేవాడికి ఆ ఆగడమే ప్రాణం, మీటర్‌కి మాత్రం అక్కడ శ్రోత లేనట్టే! 2014లో ఆ కోడ్‌ను బలంగా వినిపించేందుకు వోల్టెయిర్ అనే పెట్టె వచ్చింది. ఒక్కోటి దాదాపు 15,000 డాలర్లు. డబ్బున్న స్టేషన్లు కొనుక్కున్నాయి, చిన్నవాళ్లు ఎక్కడ తెస్తారు? అప్పటికి ఆర్బిట్రాన్‌ను కొనేసిన నీల్సన్ అనే కంపెనీ, 2015 చివర్లో అన్ని స్టేషన్లకూ కోడ్‌నే గట్టిపరిచింది. ముందే ఆ పని చేసి ఉండాల్సింది.

రేపు కారులో స్కూలుకి వెళ్లేటప్పుడు అమ్మ ఎన్నిసార్లు స్టేషన్ మారుస్తుందో చిన్ని లెక్కపెట్టాలి. ఎన్ని నిమిషాలు విన్నావని సాయంత్రం బుజ్జి అమ్మనే అడగాలి. రెండు జవాబులూ నాకు రాయండి. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, మీకు అరిసెలు పార్సిల్ చేయిస్తోంది.

ఇట్లు,
మీ తాతయ్య