అలెగ్జాండర్ నాణెం కోట్లు పలుకుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక పెద్దాయన వచ్చాడు. చొక్కా లోపలి జేబులోంచి మందుల కవరు తీశాడు. అందులో ఇంకో కవరు, దాంట్లో దూదిలో చుట్టిన నాణెం. "అలెగ్జాండర్‌ది సారూ. మూడు లక్షలు బెట్టి కొన్న. పది కోట్లకు పోతదంట గదా?"

నాణేలు చూసే పనిలో 20 ఏళ్లు దాటాయి నాకు. ఈ మాట ఏడాదికి అయిదారుసార్లైనా వింటాను. రైస్ పుల్లింగ్ చెంబుల గోల కాస్త తగ్గిందనుకుంటే ఇది మొదలైంది. అందుకే ఇంతమంది డబ్బు తినేస్తున్న అపోహ సంగతే ముందు తేల్చుదాం.

అపోహ: నాణెం మీద ఉన్నది అలెగ్జాండర్ ముఖం, ప్రపంచంలో నాలుగైదే ఉన్నాయి, కాబట్టి కోట్లు.

ఒక్కోటీ చూద్దాం. ఆ వెండి టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మాల గ్రీకు నాణెం) మీద తలకు కప్పుకున్నది హెల్మెట్ కాదు, సింహం తోలు. నుదుటి పైన సింహం పళ్లు, గడ్డం కింద ముడేసిన దాని పంజాలు భూతద్దం లాంటి లూప్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. సింహాన్ని చంపి తోలు కప్పుకున్న గ్రీకు పురాణ వీరుడు హెరాక్లిస్ అతను. అలెగ్జాండర్ పుట్టిన మాసిడోనియా రాజులు తమది అతని వంశమని చెప్పుకునేవారు. వెనకవైపు గద్దెనెక్కి, చేతి మీద గద్దను పెట్టుకుని కూర్చున్నది జ్యూస్ దేవుడు. పక్కన గ్రీకులో "అలెక్సాండ్రూ" అని ఉంటుంది, అంటే అలెగ్జాండర్‌ది అని. నాణెం ఆయనది, బొమ్మ ఆయనది కాదు. మనకిది కొత్తేమీ కాదు. కృష్ణదేవరాయల వరహా మీద ఉన్నది బాలకృష్ణుడే కదా, రాయలు కాదు. హెరాక్లిస్ ముఖంలో అలెగ్జాండర్ పోలికలు పెట్టారనే వాదన ఉంది, కాదనను. కానీ ఆయన ముఖమేనని అందరూ ఒప్పుకునే నాణేలు ఆయన పోయాకే వచ్చాయి. ఆయన సేనానుల్లో టాలెమీ ఏనుగు తల తోలు తొడిగి వేయించాడు, లిసిమాకస్ పొట్టేలు కొమ్ములు పెట్టి వేయించాడు.

ఇక అరుదు సంగతి. అలెగ్జాండర్ 20 ఏళ్లకు గద్దెనెక్కాడు. పొడవాటి బల్లేల సైన్యమూ, పాంగయాన్ కొండల గనులూ తండ్రి ఫిలిప్ సంపాదించి పెట్టినవే. అయినా క్రీ.పూ. 334లో ఆసియాలోకి దాటేటప్పుడు చేతిలో 70 టాలెంట్లకు (టాలెంట్ అంటే సుమారు 26 కిలోలు) మించి లేవని పాత గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నాలుగేళ్లలో కథ తిరగబడింది. ఒక్క పర్షియా రాజధాని పర్సెపోలిస్ ఖజానాలోనే 1,20,000 టాలెంట్లు దొరికాయని ఇంకో గ్రీకు రచయిత డయోడరస్ లెక్క. పాత రచయితలు అంకెలు పెంచుతారు సరే, సగం కొట్టేసినా 1,500 టన్నుల వెండి విలువ! తరతరాలుగా పర్షియా రాజులు కూడబెట్టిన ఆ వెండి కరిగి నాణేలై సైనికుల జీతాల్లోకి పోయింది. మాసిడోనియా నుంచి బాబిలోన్ దాకా టంకశాలలు పనిచేశాయి. క్రీ.పూ. 323లో ఆయన బాబిలోన్‌లో 32 ఏళ్లకే పోయాడు. నాణేలు ఆగలేదు. ఆ పేరుకు బజారులో నమ్మకం ఉంది కాబట్టి, ఊళ్లకు ఊళ్లు అదే బొమ్మతో ఇంకో రెండు శతాబ్దాలకు పైగా కొట్టుకున్నాయి. అసలు సిసలుదైనా సాధారణ రకం విదేశీ వేలంలో కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. కోట్లెక్కడివి?

పెద్దాయన నాణెం త్రాసులో పెట్టాను: 11.4 గ్రాములు. ఉండాల్సింది 17 దగ్గర. అంచు చుట్టూ సన్నటి గీత, అచ్చు రెండు భాగాలు కలిసిన చోటు. అప్పట్లో నాణేన్ని పోత పోసేవారు కాదు, అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుకే అసలు వాటి అంచులు ఒక్కోసారి పగిలి ఉంటాయి కానీ అతుకు గీత ఉండదు. దీంట్లో హెరాక్లిస్ చెవి పక్కన చిన్న గాటు ఒకటుంది. దాన్ని చూడగానే నాకు అంతకు రెండు వారాల ముందు ఇంకో జిల్లా నుంచి ఒక కుర్రాడు పంపిన ఫోటో గుర్తొచ్చింది. తీసి పక్కన పెట్టాను. అదే గాటు, అదే చోట. అంటే రెండూ ఒకే అచ్చులో పోసినవి. పెద్దాయన రెండూ మార్చి మార్చి చూసి, "తవ్వకంలో ఎల్లిందన్నడు సారూ" అన్నాడు. ఆయన మీద కోపం ఎలా వస్తుంది? బిడ్డ పెళ్లికి దాచిన డబ్బట. ఇలాంటి నాణేలు కోట్లు పలుకుతాయని వీడియోలు చేసేవాళ్ల మీదే వస్తుంది నాకు.

తవ్వకంలో నిజంగానే దొరికితే అదింకో తలనొప్పి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన దేని గురించైనా కలెక్టర్‌కు తెలపాలి. పైగా పాత వస్తువులను దేశం దాటించి అమ్మడం నేరం. మన నేలలో బయటపడేవి పంచ్ మార్క్ (గుర్తులు గుద్దిన) నాణేలు, శాతవాహనుల సీసం నాణేలు, రోమన్ నాణేలు. అలెగ్జాండర్ క్రీ.పూ. 326లో బియాస్ నది దగ్గరే, సైన్యం కదలనంటే వెనుదిరిగాడు, ఇటు రానేలేదు.

మిగతావి గబగబా. పురుషోత్తముడు అలెగ్జాండర్‌ను ఓడించాడని వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆ కాలపు మన గ్రంథం ఒక్కటీ ఆ యుద్ధం ఊసెత్తదు. గ్రీకు రచనలన్నీ పురుషోత్తముడే ఓడాడనీ, రాజ్యం తిరిగి పొందాడనీ చెబుతాయి. ఆ యుద్ధానికి గుర్తని భావించే, గుర్రం మీంచి రౌతు ఏనుగును తరుముతున్న బొమ్మతో పెద్ద వెండి నాణెం కూడా ఉంది. అది నిజంగానే అరుదు, మీ దగ్గర లేదు. అలెగ్జాండర్ తన శవపేటికలోంచి ఖాళీ చేతులు బయట పెట్టమన్న కథ ఏ ప్రాచీన చరిత్రకారుడూ రాయలేదు.

అలెగ్జాండర్ నుంచి మనకు నిజంగా వచ్చింది వేరే ఉంది. నాణెం మీద రాజు ముఖం వేసే అలవాటు ఆయన వారసులతో బలపడి బాక్ట్రియాకు (నేటి ఉత్తర అఫ్గానిస్తాన్ వైపు), అక్కణ్నుంచి ఇండో-గ్రీకులకు, పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజులైన పశ్చిమ క్షాత్రపులకు పాకింది. వాళ్లను చూసి శాతవాహనులు వెండి నాణేలు వేశారు. రాజు తల ఒకవైపు, ప్రాకృతంలో పేరు. రెండో వైపు ద్రావిడ భాష. పెద్దాయనకు దాని ఫోటో చూపించాను. కాసేపు చూసి, "ఇదెంత పోతది సారూ?" అన్నాడు.