చిన్న ఓడల్లో వన్యప్రాణి యాత్రలు: అపోహలు - వాస్తవాలు

చిన్న ఓడల మీద నేచురలిస్ట్ గైడ్‌గా పనిచేస్తున్నాను. అంటార్కిటికా, దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి, ఉత్తర ధ్రువం వైపు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులు నేను ఎక్కువగా తిరిగే చోట్లు. పొద్దున రబ్బరు పడవలో పదేసి మందిని ఒడ్డుకు చేర్చడం, మధ్యాహ్నం డెక్ మీద నిలబడి పక్షుల లెక్క రాసుకోవడం, రాత్రి భోజనానికి ముందు ఆ రోజు చూసినవాటి గురించి అందరితో మాట్లాడటం నా పని.

ప్రతి యాత్రలోనూ ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడుగుతారు: "మేం ఇంత దూరం రావడం వల్ల ఈ జీవులకు నిజంగా ఏమైనా మేలుందా? లేక మా సరదా కోసం వాటిని ఇబ్బంది పెడుతున్నామా?" ఆ మాట అడిగేవాళ్లంటే నాకు చాలా గౌరవం. నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. ఊరికే వచ్చి చూసి వెళ్తే మేలేమీ లేదు. ఓడ చిన్నదైనంత మాత్రాన కూడా లేదు. ఆ ఓడలో రోజూ ఏం చేస్తున్నారు, దేనికి ఒప్పుకోవడం లేదు, మీ దగ్గర తీసుకున్న డబ్బు ఎక్కడికి చేరుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని చెబుతాను.

అపోహ: చిన్న ఓడ అంటేనే పర్యావరణానికి మంచిది.

వాస్తవం: ఇంధనం సంగతి తీసుకుంటే ఇది నిజం కాదు. ఇంజిన్, వంటగది, గదులను వెచ్చగా ఉంచే ఏర్పాటు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం, ఇవన్నీ చిన్న ఓడకూ కావాలి. పంచుకునే మనుషులు తక్కువ కాబట్టి ఒక్కో మనిషికి పడే ఇంధనం ఎక్కువే అవుతుంది. దానికి తోడు ఓడ ఎక్కే రేవు దాకా చేసే విమాన ప్రయాణం ఉండనే ఉంది. ఈ విషయం ప్రయాణికులకు ముందే చెప్పాలని నా అభిప్రాయం. దాచిపెడితే మిగతా మంచి మాటలను కూడా ఎవరూ నమ్మరు.

చిన్న ఓడకు ఉన్న అసలు సుగుణం ఒడ్డు మీద కనిపిస్తుంది. అంటార్కిటికాలో 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఎవరినీ ఒడ్డున దింపకూడదు. దింపే ఓడలైనా ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దింపకూడదు. ప్రతి 20 మందికి కనీసం ఒక గైడ్ ఉండాలి. పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్‌కు చెందిన గాలాపగోస్ దీవుల్లో ఓడకు 100 మంది ప్రయాణికులే గరిష్ఠం, ఒక గైడ్ వెంట 16 మందికి మించి నడవకూడదు. స్వాల్‌బార్డ్ రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడలను 2025 జనవరి నుంచి రానివ్వడం లేదు. మనుషులు తక్కువైతే గైడ్ ప్రతి ఒక్కరి అడుగూ గమనించగలడు. చిన్న ఓడ వల్ల నాకు తెలిసిన గట్టి లాభం ఇదే.

మిగతాది నడిపే పద్ధతిలో ఉంటుంది. వేగం తగ్గిస్తే ఇంధనం మిగులుతుంది, నీటిలో చప్పుడు తగ్గుతుంది, తిమింగలాన్ని గుద్దే ప్రమాదమూ తగ్గుతుంది. బుక్ చేసేముందు "తిమింగలాలున్న చోట మీ ఓడ ఎంత వేగంతో వెళ్తుంది?" అని అడిగి చూడండి. మంచి సంస్థ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

అపోహ: బ్రోషర్‌లో "ప్రకృతి పరిరక్షణకు తోడ్పడతాం" అని ఉంటే డబ్బు చేరినట్టే.

వాస్తవం: నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఓడలో ప్రతి టికెట్‌లోనూ పరిరక్షణ నిధికి కొంత తీసేవారు. ఒక రాత్రి ఒక పెద్దావిడ, "బాబూ, పోయినేడు ఆ నిధితో ఏం చేశారు?" అని అడిగారు. నాకు తెలియదు. ఆఫీసుకు రాశాను, మళ్లీ రాశాను, జవాబు రాలేదు. ఆవిడ దిగిపోయే రోజు ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను. ఆ సీజన్ అయ్యాక అక్కడ పనిచేయలేదు. అప్పటి నుంచి ఏ సంస్థలో చేరినా నేను మొదట అడిగేది ఆ ప్రశ్నే.

డబ్బు సరైన చోటికి చేరితే ఏం జరుగుతుందో సౌత్ జార్జియాలో చూశాను. సీల్ వేటగాళ్ల, తిమింగలాల వేటగాళ్ల ఓడల్లో ఎలుకలు ఆ దీవికి చేరాయి. నేల మీద, బొరియల్లో గూడు కట్టే పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేశాయి. సౌత్ జార్జియా పిపిట్ అనే చిన్న పాటల పక్షి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఎలుకలు చేరని చుట్టుపక్కల బుల్లి దీవుల్లో, కొన్ని మూలల్లో మాత్రమే అది మిగిలింది. సౌత్ జార్జియా హెరిటేజ్ ట్రస్ట్ 2011 నుంచి 2015 మధ్య మూడు విడతలుగా హెలికాప్టర్లతో విషపు ఎర చల్లించింది. దాదాపు కోటి పౌండ్ల ఖర్చు. ఓడల్లో వచ్చిన ప్రయాణికులు హెక్టారుకు ఇంత అని విరాళాలిచ్చారు, ఓడల మీద వేలంపాటలు పెట్టి డబ్బు పోగుచేశారు. ఆ తర్వాత శిక్షణ పొందిన కుక్కలతో దీవిని గాలించి, 2018 మేలో ఎలుకలు లేవని ప్రకటించారు. ఇప్పుడు తీరంలో గడ్డి దుబ్బుల మధ్య నడుస్తుంటే పిపిట్ పాట వినిపిస్తుంది. వినిపించగానే అందరినీ ఆగమంటాను. గుప్పెడంత గోధుమరంగు పక్షి, దుబ్బు కొన మీద నుంచి పైకి లేచి, గాలిలో పాడుతూ కిందికి దిగుతుంది. విరాళం రసీదు అంటే నా దృష్టిలో అదే.

కెనడా పశ్చిమ తీరంలోని గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్‌లో దారి వేరు. అక్కడ బయటి నుంచి వచ్చే వేటగాళ్లను వెంట తీసుకెళ్లి ఎలుగుబంట్లను వేటాడించే వ్యాపార హక్కులు ప్రాంతాల వారీగా ఉండేవి. రెయిన్‌కోస్ట్ కన్జర్వేషన్ ఫౌండేషన్ 2005 నుంచి ఆ హక్కులనే కొంటూ వచ్చింది. హక్కు తన చేతిలో ఉంటే అక్కడ వ్యాపారం కోసం తుపాకీ పేలదు. ఎలుగుబంట్లను చూపించి బతికే యాత్రా సంస్థలు కూడా ఆ నిధుల సేకరణలో చేయి కలిపాయి. బతికున్న ఎలుగుబంటిని ఏటా కొత్తవాళ్లు వచ్చి చూస్తారు, చంపిన ఎలుగుబంటి ఒక్కరి గోడకే చేరుతుంది. ఈ లెక్క ఆ సంస్థలకు తెలుసు. 2017 డిసెంబరులో ఆ తీరం ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ప్రభుత్వం గ్రిజ్లీ ఎలుగుల సరదా వేటను నిషేధించింది.

అందుకే ఏ యాత్రకైనా డబ్బు కట్టేముందు అడగండి. ఎంత తీస్తున్నారు? ఏ సంస్థకు ఇస్తున్నారు? పోయినేడు ఎంత ఇచ్చారు? దానితో ఏ పని జరిగింది? ఈ నాలుగింటికీ పేర్లతో, అంకెలతో జవాబు రావాలి. "ప్రకృతి అంటే మాకు ప్రాణం" అన్న జవాబు వస్తే వేరే ఓడ చూసుకోండి.

అపోహ: బూట్లు కడిగించడం, జేబులు వెతకడం ఉత్త తంతు.

వాస్తవం: నేను చేసే పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనుకుంటాను. ఒడ్డుకు వెళ్లే ముందు రోజు అందరూ తమ జాకెట్లు, ప్యాంట్లు, బ్యాగులు, ట్రైపాడ్‌లు పట్టుకుని వరుసలో నిలబడతారు. నాకు ఒక చేతిలో వాక్యూమ్ గొట్టం, ఇంకో చేతిలో పట్టకారు. ఎక్కువగా దొరికేది వెల్క్రో పట్టీల్లో. అంతకుముందు ఏ కొండ ఎక్కినప్పుడో అంటుకున్న గడ్డి గింజ, ఆవగింజలో సగం ఉంటుంది, ముళ్లతో పట్టీకి కరుచుకుని ఉంటుంది. బ్యాగు అడుగున కుట్ల మధ్య మట్టి ఉంటుంది. బూటు అడుగు గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడానికి పేపర్‌క్లిప్‌ను మించిన పనిముట్టు నాకు ఇంతవరకు కనిపించలేదు.

మామూలుగా రోడ్ల పక్కన కనిపించే పోవా యాన్యువా అనే గడ్డి మనుషుల వెంటే అంటార్కిటికాకు చేరి అక్కడ వేళ్లూనుకుంది. అక్కడ సహజంగా పెరిగే పూల మొక్కలు రెండే రెండు, ఒక గడ్డి, పెర్ల్‌వర్ట్ అనే ఒక చిన్న మొక్క. వాటి చోటులోకి కొత్త గడ్డి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇప్పుడు బర్డ్ ఫ్లూ కూడా తోడైంది. హెచ్5ఎన్1 రకం వైరస్ 2023 అక్టోబరులో సౌత్ జార్జియా ప్రాంతంలో, 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగంలో బయటపడింది. దాన్ని అక్కడికి తెచ్చింది వలస పక్షులే. కానీ ఒక గుంపు నుంచి మరో గుంపుకు మన బూట్ల మీద వెళ్లకుండా చూడటం మన చేతిలోని పని. అందుకే నేల మీద కూర్చోవద్దు, మోకాలు ఆనించవద్దు, బ్యాగు కింద పెట్టవద్దు అంటున్నాం. ఫోటో కోసం ఒక్క నిమిషం మోకాళ్ల మీద వంగుతానని బతిమాలేవాళ్లు ఉంటారు. వద్దనే చెబుతాను. పక్షుల్లో అనుమానాస్పద లక్షణాలు కనిపిస్తే ల్యాండింగే రద్దు చేస్తాం.

అపోహ: జంతువుకు ఎంత దగ్గరగా వెళ్తే అంత మంచి అనుభవం.

వాస్తవం: పెంగ్విన్‌లకు 5 మీటర్లు, ఫర్ సీల్స్‌కు 15 మీటర్ల దూరం ఉండాలన్నది అంటార్కిటికాలో మేం పాటించే కనీసం. ఆ అంకె కంటే ముఖ్యం జంతువు ప్రవర్తన. ఒకసారి మా గుంపు ఒడ్డున మంచులో పడ్డ సన్నని గాడి మీద నిలబడి ఉంది. అది పెంగ్విన్‌లు రోజూ నడిచి చేసుకున్న బాట. సముద్రం నుంచి ఒక జెంటూ పెంగ్విన్ వచ్చింది. పొట్ట నిండా క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవులు ఉన్నట్టు నడకలోనే తెలుస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది. రెక్కలు కాస్త చాపి అటూ ఇటూ చూసింది, నాలుగడుగులు వెనక్కి వేసింది. పైన గూట్లో పిల్లలు ఆకలితో ఎదురుచూస్తున్నాయి. అందరినీ పది అడుగులు పక్కకు జరిపాను. అరనిమిషంలో అది తన బాట పట్టుకుని పైకి వెళ్లిపోయింది. అప్పటిదాకా మేం అక్కడ నిలబడి చాలా క్రమశిక్షణగా ఉన్నామనే అనుకున్నారు అందరూ.

భయపడిన పక్షి గూడు వదిలి లేస్తే గుడ్డును ఎత్తుకుపోవడానికి స్కువా పక్షి పైనే తిరుగుతూ ఉంటుంది. అన్ని వేళలా మనకు కనిపించదు. కదలకుండా నిలబడితే ఆసక్తి కొద్దీ పెంగ్వినే దగ్గరకు వస్తుంది. దాని ఇష్టంతో వస్తే రానివ్వండి, చేయి మాత్రం చాపకండి.

అపోహ: ప్రయాణికులు తీసే ఫోటోలు, రాసే లెక్కలు శాస్త్రానికి పనికిరావు.

వాస్తవం: హంప్‌బ్యాక్ తిమింగలం మునిగేటప్పుడు తోక పైకి లేపుతుంది. దాని అడుగుభాగం మీద ఉండే నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవు. తోక స్పష్టంగా పడిన ఫోటోను తీసిన చోటు, సమయంతో సహా 2015లో మొదలైన హ్యాపీవేల్ అనే ప్రాజెక్టుకు పంపితే, పాత ఫోటోలతో పోల్చి అది ఏ తిమింగలమో చెబుతారు. అంటార్కిటికా నుంచి ఉత్తరానికి పొడుచుకొచ్చిన అంటార్కిటిక్ పెనిన్సులా దగ్గర మేం చూసే తిమింగలాలు కొలంబియా, ఈక్వడార్, కోస్టారికా తీరాల దాకా వెళ్లి పిల్లల్ని కంటాయని తెలుసుకోవడానికి ఇలాంటి ఫోటోలే ఆధారం. యాత్ర అయిన కొన్ని నెలలకు "మీ తిమింగలం మళ్లీ కనిపించింది" అని మెయిల్ వచ్చినప్పుడు ప్రయాణికులు దాన్ని నాకు పంపిస్తుంటారు. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

ఓషనైట్స్ సంస్థ పరిశోధకులు 1994 నుంచి యాత్రా ఓడల్లోనే ప్రయాణిస్తూ పెంగ్విన్ గూళ్లు లెక్కపెడుతున్నారు. అన్నన్ని చోట్లకు ఏటేటా వెళ్లడానికి సొంత ఓడ పెట్టుకోవాలంటే ఎంత ఖర్చో ఆలోచించండి. ఓడ ఎలాగూ వెళ్తోంది, అందులో రెండు బెర్తులు ఇస్తే చాలు. పెనిన్సులాలో అడెలీ పెంగ్విన్‌లు తగ్గుతున్నాయనీ జెంటూలు పెరుగుతున్నాయనీ చెప్పగలిగింది ఇలాంటి ఏళ్ల తరబడి లెక్కల వల్లే. ఒకటి మాత్రం నిజం. సరదాకు ఒకరోజు రాసిన లెక్క ఎందుకూ పనికిరాదు. అదే పద్ధతిలో, అదే చోట, మళ్లీ మళ్లీ లెక్కపెట్టాలి.

అపోహ: ఓడ సిబ్బంది తీరం శుభ్రం చేయడం ఫోటోల కోసమే.

వాస్తవం: కొన్నిచోట్ల అలాగే ఉండొచ్చు. కానీ 2020లో కోవిడ్ వల్ల సీజన్ ఆగిపోయినప్పుడు, బ్రిటిష్ కొలంబియా తీరంలో చిన్న ఓడల సంస్థలు కలిసి 9 ఓడలు, 111 మంది సిబ్బందితో వెళ్లి 127 టన్నుల చెత్త ఎత్తాయి. ప్రయాణికులు లేరు. రాళ్ల మధ్య చిక్కుకున్న వలలు, తాళ్లు, తేలే ప్లాస్టిక్ డ్రమ్ములు. రోడ్డు లేని ఆ తీరాలకు చేరగలిగేది అలాంటి ఓడలే.

అపోహ: అసలు ఎవరూ వెళ్లకుండా ఉంటేనే ఆ చోట్లకు మేలు.

వాస్తవం: ఈ మాటను నేను కొట్టిపారేయను. 2023-24 సీజన్‌లో అంటార్కిటికాకు వచ్చినవాళ్లు లక్షా ఇరవై వేలకు పైనే. ఒక్కో ఓడ నియమం పాటించినా, అన్ని ఓడలూ కలిసి ఒకే తీరానికి వరుసగా వెళ్తే ఆ తీరం సంగతేమిటి? అంటార్కిటికా యాత్రా సంస్థలు 1991లో ఏర్పాటు చేసుకున్న ఐఏఏటీఓ సంఘం ఓడల వేళలను సర్దుతుంది, నియమాలు పెడుతుంది. అది మంచి పనే. మొత్తం సంఖ్యకు మాత్రం హద్దు లేదు. ఉండాలని నేను కోరుకుంటున్నాను, దాని వల్ల నా పని తగ్గినా సరే.

గాలాపగోస్‌లో ఆ దారిలో కొంత ముందుకు వెళ్లారు. ఏ ఓడ ఏ రోజు ఏ చోట ఆగాలో అక్కడి జాతీయ పార్కే నిర్ణయిస్తుంది. విదేశీ పెద్దలకు ప్రవేశ రుసుమును 2024 ఆగస్టు నుంచి 100 డాలర్ల నుంచి 200కు పెంచారు. అందులో కొంత పార్కు నిర్వహణకు వెళ్తుంది.

అపోహ: ఇంత డబ్బు కట్టాం కాబట్టి జంతువును చూపించి తీరాలి.

వాస్తవం: గైడ్ మీద పడే పెద్ద ఒత్తిడి ఇదే, నియమాలు మీరేది కూడా ఎక్కువగా ఇక్కడే. స్వాల్‌బార్డ్‌లో ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి నుంచి జూన్ చివరి దాకా అయితే 500 మీటర్లు. ఒక జూన్ పొద్దున పొగమంచు విడిపోయేసరికి దూరంగా మంచు పలక మీద ఒకటి పడుకుని కనిపించింది. కెప్టెన్ ఓడ ఆపేశాడు. డెక్ మీద టెలిస్కోప్ పెట్టాను, వంతులవారీగా చూశారు. కంటికి ఆనేది తెల్లటి మంచు మీద కాస్త పసుపురంగు ముద్ద. "ఇంకొంచెం దగ్గరకు వెళ్లలేమా?" అని ఇద్దరు అడిగారు, వెళ్లలేమని చెప్పాను. గంటన్నర అక్కడే ఉన్నాం. చివరికి అది లేచి ఒళ్లు విరుచుకుంది, మంచులో మూతి పెట్టి వాసన చూసింది, తన దారిన ఉత్తరానికి నడిచిపోయింది. ఒక్కసారి కూడా మా వైపు తల తిప్పలేదు.